ఎన్నేళ్ళ బాడిగ? షేరుకి వెల కట్టే లెక్క

హోసూరు చుట్టుపక్కల పుట్టి పెరిగిన మనకి టైటాన్, టీవీఎస్, అశోక్ లేలాండ్ అన్నవి కొత్త పేర్లు కావు. మన ఇండ్లలోనో, పక్కింట్లోనో ఎవరో ఒకరు ఆ గేటు లోపలికి షిఫ్టుకి పోయి వస్తుంటారు. ఆ కంపెనీల్లో పని ఎట్లా ఉంటుందో, జీతం ఎప్పుడు పడుతుందో మనకి తెలుసు. అదే కంపెనీలో వాటా కొనడం గురించి అడిగితే మాత్రం రెండే జవాబులు వినిపిస్తాయి. "అది జూదం, దాని జోలికి పోవద్దు" అని కొందరు. "అందులో పెడితే ఏడాదిలో రెండింతలు" అని ఇంకొందరు. ఇద్దరూ లెక్క చూడకుండా మాట్లాడేవాళ్ళే.

ఈ పాఠంలో ఒకే ఒక లెక్క నేర్చుకుందాం. అది తెలుగు బి.ఏ. చదివేవాళ్ళకీ, బి.కాం. చదివేవాళ్ళకీ, ఇంట్లో ఉన్న అమ్మకీ కూడా అర్థమయ్యే లెక్క. ఇప్పుడే ఎందుకంటే, బేరిగై, బాగలూరు, సూళగిరి వైపు పరిశ్రమలకీ లేఅవుట్లకీ భూములు అమ్ముడుపోతున్నాయి. తాతల నాటి చేను అమ్మిన దుడ్డు ఇంట్లోకి వచ్చిన వారం లోపే సలహాలు చెప్పేవాళ్ళు వాకిట్లో నిలబడతారు. ఆ సమయంలో ఇంట్లో ఒక్క ఆడపిల్లయినా సరైన ప్రశ్న అడగగలిగితే ఆ చేను విలువ నిలుస్తుంది. లేకపోతే చేనూ పోతుంది, దుడ్డూ పోతుంది.

ముందు మాటలు తెలుసుకుందాం

మన భాషలోనే ఈ విషయానికి కావలసిన మాటలు ఉన్నాయి. పెట్టింది పెట్టుబడి. వచ్చేది రాబడి. పంటగా చేతికి దిగేది దిగుబడి. మూడింటికీ చివర "బడి" ఉంది. రైతు ఇంట్లో ఈ మూడు మాటలూ రోజూ వినపడతాయి. టమోటా చేనుకి ఎంత పెట్టాము, ఎంత వచ్చింది, ఎకరానికి ఎన్ని బాక్సులు దిగింది అని మాట్లాడుకుంటూనే ఉంటాం. షేర్ల లెక్క కూడా ఇంతే. ఎంత పెట్టాము, దాని మీద ఏటా ఎంత వస్తుంది, నూటికి ఎంత దిగింది.

ఇంకో రెండు మాటలు వెల, విలువ. పాత తెలుగులో "విలుచు" అంటే కొనడం. కాబట్టి రెండు మాటలూ మొదట్లో బజారుకి సంబంధించినవే. అయితే ఈ రోజు మనం వాటిని వేరుగా వాడుతున్నాం. అమ్మేవాడు చెప్పేది వెల. ఆ వస్తువు మనకి నిజంగా ఇచ్చేది విలువ. మార్కెట్టులో టమోటా బాక్సు వెల ఒక వారం 800, ఇంకో వారం 100 కావచ్చు. టమోటా పండించే నేల మంచితనం మాత్రం వారంలో మారిపోదు. షేరు వెల టీవీలో నిమిషానికోసారి మారుతుంది. ఆ కంపెనీ విలువ నిమిషానికోసారి మారదు. ఈ తేడా పట్టుకోవడమే మన పాఠం.

భోగ్యం ఇంటి లెక్క

మన వైపు ఇల్లు రెండు రకాలుగా ఇస్తారు. ఒకటి నెల బాడిగకి. రెండోది భోగ్యానికి, అంటే లీజుకి. భోగ్యం అంటే ఒకేసారి పెద్ద మొత్తం ఇంటాయనకి ఇచ్చి, బాడిగ లేకుండా రెండు మూడేళ్ళు ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వెనక్కి తీసుకోవడం.

ఒక ఇల్లు నెలకి 5,000 బాడిగ అనుకుందాం. అదే ఇంటికి భోగ్యం 6 లక్షలు అడిగారు. ఇది లాభమా, నష్టమా? మన అమ్మలు దీన్ని నోటిలెక్కగా చెప్పేస్తారు. ఏడాది బాడిగ 60,000. ఆరు లక్షలంటే పదేళ్ళ బాడిగ. అంటే మన ఆరు లక్షలకి ఏడాదికి నూటికి 10 చొప్పున మిగులుతోంది. బ్యాంకులో వేస్తే నూటికి 7 మాత్రమే వస్తుందంటే భోగ్యం మేలు. ఇంటాయన మంచివాడు కాకపోతే, చివర్లో దుడ్డు తిరిగి రాదనే భయం ఉంటే, ఆ 10 శాతం ఎందుకూ పనికిరాదు.

ఈ చిన్న లెక్కలో మూడు సంగతులు ఉన్నాయి. ఎన్నేళ్ళ బాడిగ అడుగుతున్నారు? బ్యాంకుతో పోలిస్తే ఎట్లా ఉంది? అసలు తిరిగి వస్తుందా? పెద్ద పెద్ద పుస్తకాల్లో షేరు విలువ కట్టే పద్ధతులన్నీ ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

బ్యాంకు ఫిక్సెడ్ డిపాజిట్‌ని కూడా ఇట్లాగే చూడవచ్చు. లక్ష వేస్తే ఏడాదికి 7,000. అంటే సుమారు 14 ఏళ్ళ బాడిగ ఇచ్చి కొన్నట్టు. ఈ 14 అనే అంకె గుర్తు పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

షేరు అంటే ఏమిటి?

ఒక కంపెనీని సమానమైన చిన్న చిన్న వాటాలుగా చేస్తే అందులో ఒకటి షేరు. షేరు కొన్నవాళ్ళు ఆ వాటా మేరకు కంపెనీకి సొంతదారులు. కంపెనీకి వచ్చిన లాభంలో కొంత పంచిపెడితే దాన్ని డివిడెండు అంటారు. మిగిలినది కంపెనీ లోపలే ఉండి కొత్త అంగళ్ళుగా, కొత్త యంత్రాలుగా మారుతుంది. రెండూ సొంతదారులవే.

మన హోసూరు టైటాన్‌నే చూద్దాం. 1984లో టాటా గ్రూపూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ అయిన టిడ్కో కలిసి టైటాన్ వాచెస్ కంపెనీని పెట్టారు. హోసూరులో గడియారాల ఫ్యాక్టరీ వచ్చింది. జెర్క్సెస్ దేశాయ్ మొదటి మేనేజింగ్ డైరెక్టరు. 1990ల నడుమ తనిష్క్ పేరుతో నగల వ్యాపారం మొదలుపెట్టారు. మొదటి కొన్నేళ్ళు అది నష్టాల్లోనే నడిచింది. ఈ రోజు టైటాన్ రాబడిలో పెద్ద భాగం ఆ నగలదే. ఇప్పటికీ ఆ కంపెనీలో అందరికన్నా పెద్ద వాటా టిడ్కోది, సుమారు 27.88 శాతం. అంటే మన రాష్ట్ర ప్రభుత్వం కూడా ఒక షేర్‌హోల్డరే.

టైటాన్‌కి మొత్తం సుమారు 88.78 కోట్ల షేర్లు ఉన్నాయి. 2023–24 సంవత్సరంలో కంపెనీ లాభం 3,496 కోట్లు. లాభాన్ని షేర్లతో భాగిస్తే ఒక్కో షేరుకి సుమారు 39 రూపాయల 40 పైసలు. ఇది ఆ షేరు "ఏడాది బాడిగ" అనుకోండి. 2024 మార్చి చివర్లో షేరు వెల సుమారు 3,800. దాన్ని 39.40తో భాగిస్తే 96. అంటే అప్పుడు టైటాన్ షేరు కొన్నవాళ్ళు 96 ఏళ్ళ బాడిగ ముందే ఇచ్చి కొన్నారు. ఈ అంకెనే మార్కెట్ భాషలో పీఈ నిష్పత్తి అంటారు. వెలని ఏడాది లాభంతో భాగించడం, అంతే.

చేతికి వచ్చిన డివిడెండు ఎంత? ఆ ఏడాదికి షేరుకి 11 రూపాయలు. 3,800 పెట్టినవాళ్ళకి 11. నూటికి 30 పైసలు కూడా కాదు. అదే టిడ్కోకి చూస్తే సుమారు 24.75 కోట్ల షేర్ల మీద 272 కోట్లు. ఒకే షేరు, ఒకే డివిడెండు. 1984 నుంచి పట్టుకున్నవాళ్ళకి అది పెద్ద పంట. నిన్న కొన్నవాళ్ళకి అది చిల్లర. ఏ వెలకి కొన్నామనేది అంత ముఖ్యం.

షేరు వెల చిన్నదైతే చౌక కాదు

చాలామంది పొరపడే చోటు ఇది. "టైటాన్ 3,800, చాలా ఖరీదు. ఫలానా షేరు 12 రూపాయలే, చౌక" అంటారు. ఒక ఒబ్బట్టుని నాలుగు ముక్కలు చేస్తే ముక్క పెద్దది. నలభై ముక్కలు చేస్తే ముక్క చిన్నది. ఒబ్బట్టు మాత్రం అదే.

2011లో టైటాన్ ఒక షేరుకి ఇంకో షేరు బోనసుగా ఇచ్చింది. అదే సమయంలో 10 రూపాయల ముఖ విలువ ఉన్న షేరుని 1 రూపాయి షేర్లుగా విడగొట్టింది. ఒకటి రెండయింది, రెండు ఇరవై అయ్యాయి. 100 షేర్లు ఉన్నవాళ్ళకి 2,000 షేర్లు వచ్చాయి. షేరు వెల ఆ మేరకు తగ్గింది. ఎవరి ఆస్తీ ఒక్క రూపాయి పెరగలేదు. ఇంకో వైపు, ఎమ్మారెఫ్ టైర్ల కంపెనీ షేరు 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటింది. వాళ్ళు షేర్లని ముక్కలు చేయలేదు, అంతే. లక్ష రూపాయల షేరు చౌక కావచ్చు, 12 రూపాయల షేరు చాలా ఖరీదు కావచ్చు. తేల్చేది వెల కాదు, ఎన్నేళ్ళ బాడిగ అన్న అంకె.

ఆశకి ఎంత ఇవ్వాలి?

96 ఏళ్ళ బాడిగ ఇచ్చి ఎవరైనా ఎందుకు కొంటారు? ఇంటి బాడిగ కూడా ఏటా పెరుగుతుంది కదా. కంపెనీ లాభం పెరుగుతుందనే నమ్మకంతో కొంటారు. ఆ నమ్మకం తప్పు కాదు. దాన్ని కూడా లెక్కలో పెట్టాలి.

టైటాన్ లాభం ఏటా 20 శాతం చొప్పున, ఒక్క ఏడూ తప్పకుండా పెరిగిందనుకుందాం. ఇది చాలా మంచి వేగం. ఆ వేగంతో పోయినా పదేళ్ళలో షేరుకి వచ్చే మొత్తం లాభం సుమారు 1,230 రూపాయలు. 3,800 పూర్తిగా సమకూరడానికి 16వ ఏడాది దాకా ఆగాలి. కంపెనీ గొప్పదా కాదా అన్నది ఒక ప్రశ్న. ఈ వెలకి కొనాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి "అవును" అని జవాబు వచ్చినంత మాత్రాన రెండోదానికి కూడా అదే జవాబు రానక్కరలేదు.

మరుసటి ఏడాది ఏం జరిగిందో చూడండి. 2024 జులై బడ్జెట్లో కేంద్ర ప్రభుత్వం బంగారం మీద దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించింది. కొనేవాళ్ళు సంతోషించారు. టైటాన్ దగ్గర పాత సుంకం కట్టి తెచ్చిన సరుకు ఉంది. దాని విలువ తగ్గి లాభానికి దెబ్బ తగిలింది. అమ్మకాలు పెరిగినా 2024–25 లాభం 3,337 కోట్లకి తగ్గింది. తగ్గింది నూటికి 5 కన్నా తక్కువే. 2025 మార్చి చివరికి షేరు వెల మాత్రం సుమారు 3,060కి దిగింది. అంటే నూటికి 19 పైగా తగ్గింది. 96 ఏళ్ళ బాడిగ కాస్తా 81 ఏళ్ళకి వచ్చింది. లాభం కొంచెం తగ్గితే వెల ఎక్కువ తగ్గింది. ఎందుకంటే అంతకుముందు వెలలో ఎక్కువ భాగం ఆశే.

ఆశ ఎప్పుడూ నిజమవుతుందనే హామీ కూడా లేదు. టైటాన్ పుట్టిన రోజుల్లో గడియారం అంటే హెచ్ఎంటీ. పక్కనే బెంగళూరులో వాళ్ళ ఫ్యాక్టరీ. పెండ్లికొడుక్కి హెచ్ఎంటీ వాచీ పెట్టడం మర్యాదగా ఉండేది. ఆ హెచ్ఎంటీ వాచెస్ కంపెనీని మూసేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఒకే వ్యాపారం, పక్కపక్క ఊళ్ళు. ఒకటి నిలిచింది, ఒకటి మూతపడింది. ఈ రోజు ముందున్నది రేపు కూడా ముందుంటుందని ఎవరూ రాసివ్వలేరు.

బాడిగే రాని ఇల్లు

మన జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. పోచంపల్లి, బర్గూరు వైపు ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్ల ఫ్యాక్టరీ. అంతా ఆడవాళ్ళతోనే నడుపుతామని 2021లో ప్రకటించారు కాబట్టి మన కాలేజీల్లో ఆ పేరు బాగానే తెలుసు. 2024 ఆగస్టులో ఆ కంపెనీ షేరు ఒక్కోటి 76 రూపాయలకి జనానికి అమ్మారు. ఆ వెలకి మొత్తం కంపెనీ ఖరీదు సుమారు 33,500 కోట్లు. పది రోజులు తిరిగేసరికి షేరు 157 దాటింది. అప్పుడు కొన్నవాళ్ళు చాలామంది.

మన లెక్క వేద్దాం. 2023–24లో కంపెనీకి వచ్చింది లాభం కాదు, 1,584 కోట్ల నష్టం. ఎన్నేళ్ళ బాడిగ? జవాబే లేదు. బాడిగే రావడం లేదు, పైగా ఇంటికి మనమే ఖర్చు పెడుతున్నాం. అమ్మకాలు 5,000 కోట్లు ఉన్నాయి కదా అంటారు. నిజమే, అమ్మకం వేరు, రాబడి వేరు. వెయ్యి బాక్సుల టమోటా అమ్మిన రైతుకి కూలీ, మందులు, లారీ బాడిగ పోను ఏమీ మిగలకపోతే వెయ్యి బాక్సుల గొప్ప ఏం చేసుకుంటాడు? 2024–25లో నష్టం 2,276 కోట్లకి పెరిగింది. 2025 మార్చి చివరికి షేరు 55 లోపుకి వచ్చింది.

నష్టంలో ఉన్న కంపెనీలన్నీ చెడ్డవని అర్థం కాదు. తనిష్క్ కూడా మొదట నష్టమే చూసింది. రాబడి ఇంకా రాని చోట విలువ కట్టడం చాలా కష్టమని మాత్రం అర్థం. ఆ కష్టమైన పనితో మనం చదువు మొదలుపెట్టకూడదు. పక్క ఊళ్ళో ఫ్యాక్టరీ ఉంది, అందులో మన అక్క పని చేస్తోంది అన్నది షేరు కొనడానికి కారణం కాదు.

లెక్కే అబద్ధమైతే

ఇంతవరకు మనం వేసిన లెక్కలన్నీ కంపెనీ చెప్పిన లాభం నిజమని నమ్మి వేసినవి. అది అబద్ధమైతే?

తెలుగువాళ్ళకి ఈ ప్రశ్న బాగా తెలిసిందే. హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ దేశంలోనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటి. 2009 జనవరి 7న దాని అధినేత బి. రామలింగరాజు తనే ఉత్తరం రాసి లెక్కలు తప్పుడువని ఒప్పుకున్నారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ ఒక్క రోజే షేరు 179 ప్రాంతం నుంచి 40కి పడిపోయింది. పొద్దున్న దాకా ఆ షేరు పీఈ చూసినవాళ్ళకి అది చౌకగానే కనిపించి ఉంటుంది. బాడిగ చీటీలే దొంగవైతే ఎన్నేళ్ళ బాడిగ అని లెక్క వేసి ఏం లాభం?

అందుకే రెండు సంగతులు చూడాలి. ఒకటి, లాభం కాగితం మీద ఉందా, చేతికి నగదుగా వచ్చిందా. ప్రతి కంపెనీ వార్షిక నివేదికలో నగదు రాకపోకల పట్టిక వేరుగా ఉంటుంది. లాభం ఏటా పెరుగుతూ, వ్యాపారం నుంచి వచ్చే నగదు పెరగకపోతే అనుమానించాలి. రెండు, కంపెనీని నడిపేవాళ్ళు తమ షేర్లని కుదువ పెట్టి అప్పులు చేశారా. ఆ వివరం కూడా స్టాక్ ఎక్స్‌ఛేంజికి చెప్పి తీరాలి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఈ రెండూ చూసినా మోసం పూర్తిగా తప్పదు. కాబట్టి దుడ్డంతా ఒకే కంపెనీలో పెట్టకూడదు.

వడ్డీ, ధరలు, బంగారం

ఇప్పుడు మనం గుర్తు పెట్టుకున్న 14 దగ్గరికి వద్దాం. బ్యాంకు వడ్డీ 7 శాతం అయితే డిపాజిట్ 14 ఏళ్ళ బాడిగ. వడ్డీ 5 శాతానికి తగ్గితే అది 20 ఏళ్ళ బాడిగ అవుతుంది. డిపాజిట్ "ఖరీదు" అయింది కాబట్టి జనం షేర్ల వైపు, సైట్ల వైపు చూస్తారు. వాటి వెలలు పెరుగుతాయి. వడ్డీ పెరిగితే దీనికి తిరగబడి జరుగుతుంది. రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటుని 6.50 నుంచి 5.50 శాతానికి తగ్గించింది. ఇట్లాంటి వార్త వచ్చిన రోజు షేర్ మార్కెట్ ఎందుకు కదులుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

ధరల పెరుగుదల ఇంకో సంగతి. మన దేశంలో దాన్ని 4 శాతం దగ్గర ఉంచాలన్నది రిజర్వు బ్యాంకు లక్ష్యం. 72ని శాతంతో భాగిస్తే ఎన్నేళ్ళకి రెండింతలవుతుందో తెలుస్తుంది. 4 శాతమైతే 18 ఏళ్ళు. అంటే ఈ రోజు 100 రూపాయల సరుకు 18 ఏళ్ళకి 200. బీరువాలో దాచిన నూరు రూపాయలు నూరుగానే ఉంటాయి, కొనగలిగే సరుకు సగమవుతుంది. కదలకుండా ఉన్న దుడ్డు కూడా నష్టపోతుంది. కాబట్టి భయపడి ఏమీ చేయకపోవడం కూడా క్షేమం కాదు.

మరి బంగారం? బంగారానికి బాడిగ లేదు. పది గ్రాములు పదేళ్ళు దాచినా పది గ్రాములే. దాని వెల పెరగాలంటే మన తర్వాత కొనేవాళ్ళు ఎక్కువ ఇవ్వాలి. 2012లో 10 గ్రాములు 31,000 ప్రాంతంలో ఉంది. 2015కి 26,000 ప్రాంతానికి దిగింది. 2025 ఏప్రిల్లో లక్షని తాకింది. పెరుగుతుంది, పడిపోతుంది, ఏళ్ళ తరబడి కదలకుండా కూడా ఉంటుంది. నగ రూపంలో కొంటే మజూరీ, తరుగు, 3 శాతం జీఎస్టీ ముందే పోతాయి. అయినా మన ఇండ్లలో బంగారానికి ఒక గౌరవం ఉంది, అది ఊరికే రాలేదు. ఇల్లు, చేను మగవాళ్ళ పేరు మీద ఉన్న కాలంలో ఆడదాని సొంతం అనదగ్గది మెడలో ఉన్నదే. కష్టం వస్తే గంటలో కుదువ పెట్టి ఆసుపత్రి ఖర్చుకి తెచ్చుకోవచ్చు. బంగారాన్ని ఆ పనికి ఉంచుకోవడం తెలివైన పనే. దాన్నే సంపాదన మార్గం అనుకుంటే మాత్రం లెక్క కుదరదు.

నాలుగు నెలల బాడిగ

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. ఎన్నేళ్ళ బాడిగ అన్న అంకె చాలా పెద్దదైతే ఖరీదు అన్నాం. అది మరీ చిన్నదైతే? అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

చెన్నైలో ఆరుద్ర గోల్డ్ ట్రేడింగ్ అనే సంస్థ నెలకి 25 నుంచి 30 శాతం ఇస్తామని చెప్పి, సుమారు లక్ష మంది దగ్గర 2,400 కోట్లకు పైగా వసూలు చేసిందని 2022లో పోలీసులు కేసు పెట్టారు. మన లెక్కలో చూడండి. నెలకి 25 శాతం అంటే లక్షకి నెలకి 25,000. నాలుగు నెలల్లో లక్ష. అంటే నాలుగు నెలల బాడిగకి ఇల్లు అమ్ముతున్నట్టు. హోసూరులో ఎవరైనా నాలుగు నెలల బాడిగకి ఇల్లు అమ్ముతారా? అమ్ముతామంటే ఆ ఇల్లు వాళ్ళది కాదని చిన్నపిల్ల కూడా చెబుతుంది. అదే మాట దుడ్డు విషయంలో, తెలిసినవాళ్ళు చెప్పినప్పుడు, మొదటి రెండు నెలలు వడ్డీ సరిగ్గా వచ్చినప్పుడు మనకి తోచదు. ఆ రెండు నెలల వడ్డీ వెనకాల చేరినవాళ్ళ అసల్లోంచి తీసి ఇచ్చేదే.

ఫోనులో వచ్చే "ఆప్షన్ ట్రేడింగ్" పాఠాలు ఇంకో వల. సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైనే. అక్కడ బాడిగ అనేదే లేదు. ఒకరికి వచ్చేది ఇంకొకరి దగ్గర పోయేదే, నడుమ బ్రోకరు ఖర్చులు అదనం. "అది జూదం" అనే పెద్దల మాట ఈ భాగానికి చాలావరకు సరిపోతుంది.

నెలకి వెయ్యి రూపాయలతో

ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండు దాకా చదివి కాలేజీకి వచ్చిన ఆడపిల్లలకి తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరు నుంచి పుదుమై పెణ్ పథకం కింద నెలకి 1,000 రూపాయలు ఇస్తోంది. మనలో చాలామందికి అది వస్తోంది. మూడేళ్ళకి 36,000. బస్సుకీ పుస్తకాలకీ కొంత పోతుంది. మిగిలినది ఎంత చిన్నదైనా, మన పేరు మీద, మన ఖాతాలో ఉన్న దుడ్డు. మన అమ్మమ్మలకి ఆ వయసులో అది లేదు.

క్రమం ఇట్లా పెట్టుకుంటే మంచిది. ముందు వడ్డీ అప్పులు ఉంటే తీర్చాలి. నూటికి 24 వడ్డీ కడుతూ నూటికి 12 వస్తుందని షేర్లు కొనడం పిచ్చి పని. తర్వాత ఇంట్లో ఆర్నెల్ల ఖర్చుకి సరిపడా బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉంచాలి. బ్యాంకు మూతపడినా ఒక్కొక్కరికి ఒక బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. ఆ తర్వాత, ఏడేళ్ళ దాకా అవసరం లేదు అనుకున్న దుడ్డు ఉంటేనే షేర్ల మాట. ఒక్కో కంపెనీ లెక్క చూసే తీరిక లేనివాళ్ళకి, నిఫ్టీ 50 లాంటి సూచీలోని కంపెనీలన్నీ కొనే ఇండెక్స్ ఫండ్లు ఉన్నాయి. నెలకి 500తో కూడా మొదలుపెట్టవచ్చు. అవి కూడా పడతాయి. 2020 జనవరిలో 12,300 దాటిన నిఫ్టీ, కోవిడ్ భయంతో మార్చి 23 నాటికి 7,610కి పడింది. ఆ రోజు ఫీజు కట్టడానికి దుడ్డు కావలసి వచ్చినవాళ్ళు నష్టానికి అమ్ముకున్నారు. ఆగగలిగినవాళ్ళు ఆ ఏడాది చివరికే పాత చోటుకి చేరారు.

ఖాతా ఏదైనా మన పేరు మీదే తెరవాలి. పాస్‌వర్డు, ఓటీపీ అన్నకైనా, కాబోయే భర్తకైనా ఇవ్వకూడదు. నామినీ పేరు రాయాలి. సలహా చెప్పేవాళ్ళకి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగాలి. అడిగితే కోపం వచ్చేవాళ్ళకి సాధారణంగా ఆ నంబరు ఉండదు.

లెక్క చేసి చూడండి

1. ఒక షేరు వెల 240. షేరుకి ఏడాది లాభం 12. ఎన్నేళ్ళ బాడిగ? నూటికి ఎంత దిగుబడి?

2. బేరిగైలో ఒక అంగడి 18 లక్షలకి అమ్మకానికి వచ్చింది. దాని బాడిగ నెలకి 6,000. ఎన్నేళ్ళ బాడిగ? 7 శాతం డిపాజిట్‌తో పోల్చండి. ఏ నమ్మకంతో అయితే మీరు కొంటారు?

3. 2011కి ముందు ఒకామె దగ్గర 50 టైటాన్ షేర్లు ఉన్నాయి. బోనసు, విభజన తర్వాత ఎన్ని? ఆ రోజు ఆమె ఆస్తి ఎంత పెరిగింది?

4. ఒకాయన నెలకి నూటికి 5 ఇస్తానంటున్నాడు. ఎన్ని నెలల బాడిగకి ఇల్లు అమ్ముతున్నట్టు? ఆయన్ని మీరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి?

జవాబులు గోడపత్రిక కింద కట్టిన తెల్ల కాగితం మీద రాయండి. నాలుగో ప్రశ్నకి జవాబు రాసే ముందు ఈ సాయంత్రం ఇంట్లో అమ్మని కూడా ఒకసారి అడగండి. భోగ్యం లెక్క మనకన్నా ఆమెకే బాగా తెలుసు.